గోడలకు తగిలించిన వీలునామా

బోస్టన్‌లోని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియంలో మూడో అంతస్తుకు ఎక్కితే టిషియన్ పేరు పెట్టిన గది ఒకటి ఉంటుంది. ఎద్దు రూపంలో వచ్చిన దేవుడు యూరోపాను సముద్రం మీదుగా ఎత్తుకుపోతున్న దృశ్యాన్ని టిషియన్ 1562 ప్రాంతంలో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం చిత్రించి పంపాడు. ఆ చిత్రం ఇప్పుడు ఆ గది గోడ మీద ఉంది. చూపు కాస్త కిందికి దించితే చిత్రం అడుగున గోడకు పరిచిన లేతరంగు పట్టుగుడ్డ కనిపిస్తుంది, దాని మీద కుచ్చుల నమూనా ఉంటుంది. ఏ వెనిస్ మందిరం నుంచో తెచ్చిన పాత వస్త్రమై ఉంటుందని అనుకుంటాం. కాని అది ఇసబెల్లా తాను వేసుకున్న గౌను నుంచి తీయించిన ముక్క. పారిస్‌లో పేరుమోసిన వర్త్ సంస్థ ఆ గౌను కుట్టింది. ఐరోపా చిత్రకళకు శిఖరాల్లో ఒకటిగా చెప్పుకునే చిత్రం కింద తన గౌను గుడ్డ పెట్టుకునే చనువు ఏ ప్రభుత్వ మ్యూజియం అధికారికీ ఉండదు. ఆమె 1924లో చనిపోయి నూరేళ్ళు దాటినా, ఆ గుడ్డను అక్కడి నుంచి తీసేసే చనువు కూడా ఎవరికీ లేదు.

ఒక వ్యక్తి సేకరణ చుట్టూ కట్టిన మ్యూజియంలో అడుగుపెట్టినవారు తికమకపడేది ఇక్కడే. చాలాచోట్ల చిత్రాల పక్కన పేరు చీటీలు ఉండవు, శతాబ్దాల వరుస ఉండదు, చైనా కంచు పాత్ర, డచ్చి చిత్రం, ఇటలీ కుర్చీ ఒకే గదిలో ఎదురవుతాయి. మంచి చిత్రం ఒకటి చీకటి మూలలో ఉంటుంది, మరొకటి మెడ నొప్పి పుట్టేంత ఎత్తులో ఉంటుంది. నిర్వహణ సరిగా లేదనుకుని విసుక్కుంటాం. నిజానికి అక్కడ మన ముందు రెండు ఉన్నాయి: ఒకటి కళాఖండాలు, రెండోది ఆ కళాఖండాలను ఇలాగే ఉంచాలని ఒకరు రాసిపోయిన పత్రం. రెండోది కంటికి కనిపించదు కాని, మొదటిదాన్ని ఏ వెలుతురులో, దేని పక్కన చూడాలో అదే నిర్ణయిస్తుంది. ఆ పత్రం ఎంతవరకు బిగుస్తుందో, ఎప్పుడు సడలుతుందో తెలియకుండా ఆ గదులు పూర్తిగా అర్థం కావు.

ముందు అమరిక సంగతి చూద్దాం. పెద్ద ప్రభుత్వ మ్యూజియంలో వస్తువులు దేశాన్ని, కాలాన్ని, శైలిని బట్టి సర్దుకుంటాయి. ఆ సర్దుబాటు ఫలానా వారిదని చెప్పలేం. అధికారులు మారినకొద్దీ గదులూ మారతాయి, వస్తువుల్లో ఎక్కువ భాగం గోదాముల్లోనే కాలం గడుపుతుంది. సేకర్త ఇంట్లో అలా కాదు. న్యూయార్క్‌లో హెన్రీ క్లే ఫ్రిక్ కట్టించుకున్న భవనపు పెద్ద హాలులో ఫైర్‌ప్లేస్‌కు ఒక పక్కన థామస్ మోర్, మరో పక్కన థామస్ క్రామ్‌వెల్ ఉంటారు. ఇద్దరినీ చిత్రించింది హోల్బైనే. ఇద్దరూ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రులు. మోర్‌ను విచారించి 1535లో తల తీయించిన వ్యవహారంలో ముఖ్యపాత్ర క్రామ్‌వెల్‌ది, ఐదేళ్ళు తిరిగేసరికి అదే రాజు క్రామ్‌వెల్ తల కూడా తీయించాడు. వారిద్దరి నడుమ, ఫైర్‌ప్లేస్ పైన, ఎల్ గ్రెకో చిత్రించిన క్రైస్తవ పండితుడు సెయింట్ జెరోమ్ గ్రంథం ముందు పెట్టుకుని నిలబడి ఉంటాడు. కళాచరిత్ర వరుసలో పెడితే ఎల్ గ్రెకోకు ఈ గదిలో పనే లేదు. ఒక ఇంటి యజమాని రోజూ కూర్చునే గదిలో, చంపించినవాడిని, అతని వల్ల చచ్చినవాడిని ఎదురెదురుగా పెట్టి, మధ్యలో పెద్దమనిషిలా మరొకరిని నిలబెట్టినప్పుడే ఈ మూడు చిత్రాలూ మాట్లాడుకుంటాయి.

ఫిలడెల్ఫియాలోని బార్న్స్ సేకరణలో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరుతుంది. అక్కడి ప్రధాన మందిరంలో సెజాన్ పేకాటగాళ్ళ చిత్రానికి సరిగ్గా పైన సెరా చిత్రించిన మోడళ్ళ చిత్రం వేలాడుతుంది. గోడల మీద చిత్రాల మధ్య ఖాళీల్లో పాతకాలపు తలుపు బందులు, గడియలు, తాళాల పలకలు, ఇనుప కొక్కేలు ఉంటాయి. కమ్మరి సరుకు గోడెక్కడం ఏమిటని మొదటిసారి చూసినవారు నవ్వుకుంటారు. చిత్రంలోని ఒక చేతి వంపు పక్కనున్న ఇనుప బందు వంపులో మళ్ళీ పలకడం ఒక్కసారి కంటపడితే, ఆ తరువాత ఇనుమును వదిలి చిత్రాన్ని మాత్రమే చూడటం కష్టం. ఆల్బర్ట్ బార్న్స్‌కు కావలసింది అదే. గీత, రంగు, వెలుతురు, ఖాళీ ఎలా పనిచేస్తాయో పాఠం చెప్పడానికి ఆయన ఒక్కొక్క గోడను ఒక్కొక్క పలకగా వాడుకున్నాడు. పేరు చీటీ ఉంటే మనిషి కన్ను ముందు చీటీ మీదికే పోతుంది కాబట్టి చీటీలు వద్దన్నాడు.

ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే సొమ్ము సంగతి కొంత మాట్లాడక తప్పదు. ఫ్రిక్ డబ్బు బొగ్గు నుంచి కాల్చి తీసే కోకు, ఉక్కు పరిశ్రమల నుంచి వచ్చింది. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మెను అణచిన తీరుతో ఆయన పేరు అమెరికా అంతటా మారుమోగింది. లిస్బన్‌లో తన పేరిట మ్యూజియం వెలసిన మరో సేకర్త గుల్బెంకియన్ డబ్బు ఇరాక్ చమురులో 5 శాతం వాటా నుంచి, బార్న్స్ డబ్బు ఆర్జిరోల్ అనే వెండి కలిసిన క్రిమినాశక మందు నుంచి, ఇసబెల్లా డబ్బు ఎక్కువగా తండ్రి ఆస్తి నుంచి వచ్చాయి. మార్కెట్టు పరిస్థితి కూడా వారికి కలిసొచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివరలో ఐరోపా జమీందారీ కుటుంబాల ఆదాయాలు పడిపోవడంతో తాతల నాటి చిత్రాలు బయటికి వచ్చాయి. 1928 నుంచి కొన్నేళ్ళ పాటు, యంత్రాలు కొనడానికి విదేశీ మారకం కావలసిన సోవియట్ ప్రభుత్వం హెర్మిటేజ్ మ్యూజియం చిత్రాలనే రహస్యంగా అమ్మకానికి పెట్టింది. గుల్బెంకియన్ ముందుగా కొన్నాడు. 1930, 1931లలో ఆండ్రూ మెలన్ ఒక్కడే సుమారు 66 లక్షల డాలర్లకు 21 చిత్రాలు కొన్నాడు. ఆ సమయంలో ఆయన అమెరికా ఆర్థిక మంత్రి కూడా. మధ్యవర్తుల చరిత్ర మరో కథ. ఇసబెల్లాకు సలహాదారుగా ఉన్న బెర్నార్డ్ బెరెన్సన్ ఆమె దగ్గర కమీషన్ తీసుకుంటూనే అమ్మేవారి లాభంలోనూ వాటా అందుకున్న సంగతి తరువాతి కాలంలో బయటపడింది.

అలా కూడబెట్టినదాన్ని సేకర్త తన తరువాత ఏం చేయాలి? అమ్మేస్తే చెల్లాచెదురవుతుంది. పెద్ద మ్యూజియానికి ఇచ్చేస్తే వారు తమకు నచ్చినట్టు పంచి, కొంత గోదాములో పడేస్తారు. ఈ రెండూ ఇష్టం లేనివారు మూడో దారి పట్టారు: సేకరణను, భవనాన్ని, నిర్వహణకు తగిన నిధిని కలిపి ఒక ట్రస్టుకు అప్పగించి, ధర్మకర్తలు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో పత్రంలో రాయడం. లండన్‌లో వాస్తుశిల్పి జాన్ సోన్ ఇంకో మెట్టు పైకెక్కాడు. కొడుకుతో పడని ఆయన, తన ఇల్లూ సేకరణా కొడుకు చేతికి పోకుండా 1833లో ఏకంగా పార్లమెంటు చేత ప్రత్యేక చట్టమే చేయించాడు. ఆయన 1837లో చనిపోయినప్పుడు ఇల్లు ఎలా ఉందో వీలైనంత వరకు అలాగే ఉంచాలన్నది ఆ చట్టం సారాంశం. బ్రిటిష్ మ్యూజియం ధర చూసి వెనక్కి తగ్గితే ఆయన 2,000 పౌండ్లకు కొన్న ఈజిప్టు రాజు మొదటి సేతీ శవపేటిక ఇప్పటికీ ఆ ఇంటి నేలమాళిగలోనే ఉంది.

షరతు రాయడం తేలికే, దాన్ని ఎవరు పాటింపజేస్తారన్నదే చిక్కు. రాసినవారు బతికి లేరు, ధర్మకర్తలు తమ మీద తామే కేసు వేసుకోరు. ఇంగ్లండులో, అమెరికాలో ఇలాంటి ధర్మనిధుల మీద ప్రజల తరఫున కన్నేసి ఉంచే బాధ్యత అటార్నీ జనరల్‌ది. ఇసబెల్లా దానితో తృప్తిపడలేదు. తాను పెట్టిన అమరికను ధర్మకర్తలు మారిస్తే, సేకరణ మొత్తం హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పోవాలని, అక్కడివారు దాన్ని అమ్మేసుకోవాలని వీలునామాలో రాసింది. ఇందులోని యుక్తి గమనించదగ్గది. షరతు తప్పితే లాభపడే పొరుగువాడిని పత్రంలోనే నిలబెడితే, ధర్మకర్తలకు వేరే కాపలాదారు అక్కర్లేదు.

ఇంతకూ చనిపోయినవారి మాట ఎంతకాలం చెల్లాలి? న్యాయవ్యవస్థ దీనికి రెండు సూత్రాలు తయారుచేసుకుంది. రెండూ ఒకటేనని చాలామంది పొరబడతారు. మొదటిది పాత ఫ్రెంచి మాటతో సీ ప్రే అని పిలిచే సూత్రం: దాత పెట్టిన ధర్మకార్యమే అసాధ్యమైపోతే, దానికి వీలైనంత దగ్గరగా ఉన్న మరో ధర్మకార్యానికి ఆ నిధిని మళ్ళించవచ్చు. ఫలానా జబ్బు రోగులకని పెట్టిన నిధి, ఆ జబ్బే లేకుండా పోతే మరో జబ్బు రోగులకు వెళ్ళడం లాంటిది. రెండోది అంత దూరం పోదు. ధ్యేయాన్ని ముట్టుకోకుండా, దాన్ని చేరడానికి దాత రాసిన పద్ధతిని మాత్రం సడలిస్తుంది. పరిస్థితులు దాత ఊహించని విధంగా మారి, ఆయన రాసిన పద్ధతే ఆయన ధ్యేయానికి అడ్డుతగులుతోందని కోర్టును ఒప్పించాలి. చదవడానికి స్పష్టంగానే ఉంటుంది కాని, ఒక షరతు ధ్యేయంలో భాగమా, పద్ధతిలో భాగమా అన్నది ఎవరు తేల్చాలి? గోడ మీద చిత్రం ఉన్న చోటు బార్న్స్‌కు పద్ధతి కాదు, అదే ధ్యేయం.

బార్న్స్ కథను అందుకే కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1872లో ఫిలడెల్ఫియాలో పేద కుటుంబంలో పుట్టి, వైద్యం చదివి, మందుల వ్యాపారంలో సంపన్నుడై, 1929లో స్టాక్ మార్కెట్టు కూలడానికి కొద్ది నెలల ముందు కంపెనీ అమ్మి గట్టెక్కిన మనిషి. 1922లో ఆయన పెట్టిన ఫౌండేషన్ హోదా రీత్యా మ్యూజియం కాదు, విద్యాసంస్థ. 1923లో తన చిత్రాలను నగర ప్రజలకు చూపిస్తే అక్కడి విమర్శకులు వెక్కిరించారు. ఆ గాయం ఆయనకు మానలేదు. నగరానికి కొన్ని మైళ్ళ దూరంలోని మెరియన్‌లో కట్టిన భవనంలోకి నగరపు పెద్దలను రానివ్వకుండా, తన ఫ్యాక్టరీ కార్మికులకు, విద్యార్థులకు పాఠాలు చెప్పించాడు. రెన్వార్ చిత్రాలు 181, సెజాన్ చిత్రాలు 69, మాటిస్ చిత్రాలు 59 ఒక ఇంట్లో ఉండగా చూడాలంటే ఉత్తరం రాసి అనుమతి అడగాలి, కాదనిపించుకోవడానికీ సిద్ధపడాలి. తన తరువాత ఏ చిత్రాన్నీ కదిలించరాదని, అరువివ్వరాదని, అమ్మరాదని పత్రంలో రాశాడు. ధర్మకర్తల్లో అత్యధికులను ఎంపికచేసే అధికారాన్ని నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన లింకన్ విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. 1951లో కారు ప్రమాదంలో చనిపోయాడు.

తరువాతి అరవై ఏళ్ళలో ఆ షరతులు ఒక్కొక్కటే సడలాయి. పన్ను మినహాయింపు పొందుతున్న సంస్థ ప్రజలకు తలుపు మూయడం కుదరదని ప్రభుత్వం పట్టుబట్టడంతో 1961లో వారంలో కొన్ని రోజులు సందర్శకులను రానిచ్చారు. భవనం మరమ్మతులకు డబ్బు కావాలని 1990 దశకంలో కోర్టు అనుమతితో కొన్ని చిత్రాలను దేశదేశాలు తిప్పారు. నిధులు అడుగంటాయి, పొరుగువారితో వ్యాజ్యాలు పెరిగాయి. చివరికి సేకరణను నగరం నడిబొడ్డుకు తరలిస్తే 15 కోట్ల డాలర్లు కూడగట్టి ఇవ్వడానికి కొన్ని పెద్ద దాతృత్వ సంస్థలు ముందుకొచ్చాయి. 2004లో కోర్టు తరలింపునకు అనుమతిచ్చింది. సంస్థ ఏ ఊళ్ళో ఉండాలన్నది పద్ధతి మాత్రమేనని, కళావిద్యే అసలు ధ్యేయమని, దాన్ని కాపాడటానికి ఇంతకన్నా చిన్న మార్పు చాలదని తేల్చింది. 2012లో తెరిచిన కొత్త భవనంలో పాత గదులను అదే కొలతలతో, గోడల మీది అమరికను ఇనుప బందులతో సహా ఉన్నదున్నట్టు తిరిగి పేర్చారు.

న్యాయం జరిగిందా? నా మట్టుకు నేను రెండు మాటలూ చెబుతాను. మెరియన్‌కు ఎన్నడూ పోలేని వేలమంది ఇప్పుడు ఆ గోడల ముందు నిలబడుతున్నారు, అది చిన్న సంగతి కాదు. అయితే తనను వెక్కిరించిన నగరానికి ఏ సంపద దక్కకూడదని ఆ మనిషి పత్రం రాశాడో, అది సరిగ్గా ఆ నగరానికే దక్కింది. ఆయన మాటను అక్షరాలా నిలబెట్టిన గదుల్లోనే ఆయన మాట ఓడిపోయింది. కొత్త భవనంలో నడుస్తున్నప్పుడు ఈ సంగతి తెలిసినవారికి ఆ కచ్చితత్వమే కొంచెం ఎబ్బెట్టుగా తోస్తుంది. అదే సూత్రాల నీడలో ఇసబెల్లా మ్యూజియం మరోలా బయటపడింది. 2012లో రెంజో పియానో రూపకల్పనలో తెరిచిన కొత్త భాగం పాత భవనం వెనక వేరుగా ఉంటుంది. టికెట్లు, కచేరీలు, భోజనశాల అన్నీ అటు పోయాయి, గాజు నడవ దాటి వచ్చేసరికి లోపలి గదులు ఆమె వదిలిపోయినట్టే ఉన్నాయి.

అరువు సంగతి చూడటానికి చిన్నదే కాని, ఈ మ్యూజియాల్లో ఎక్కువ తకరారు దాని మీదే. లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌ను లేడీ వాలెస్ 1897లో దేశానికి రాసిచ్చినప్పుడు, దాన్ని ఒకేచోట, ఇతర కళాఖండాలతో కలపకుండా ఉంచాలన్నది. ఆ మాటను నూటికి పైగా సంవత్సరాలు ‘బయటికి పంపరాదు’ అని చదువుకున్నారు. 2019లో పర్యవేక్షక కమిషన్ అనుమతితో, తాత్కాలికంగా పంపవచ్చని కొత్తగా చదువుకున్నారు. పత్రంలో అక్షరం మారలేదు. ఫ్రిక్‌లో ఇంకో తేడా ఉంది: ఫ్రిక్ స్వయంగా ఇచ్చినవి చాలాకాలం గుమ్మం దాటలేదు, 1919లో ఆయన పోయిన తరువాత ధర్మకర్తలు కొన్నవి దాటవచ్చు. చిత్రం పక్కన కొన్న సంవత్సరం ఇచ్చి ఉంటే దాన్ని తప్పక చూడాలి, యజమాని కంటికి నచ్చినదేదో, తరువాతివారు చేర్చినదేదో అక్కడే విడిపోతుంది.

అమరిక కదలనప్పుడు సేకర్త పొరపాట్లు కూడా కదలవు. మామూలు మ్యూజియంలో ఒక చిత్రం ఫలానా మహాచిత్రకారుడిది కాదేమోనన్న అనుమానం వస్తే అది మెల్లగా గోదాముకు చేరుతుంది. ఫ్రిక్ 1910లో రెంబ్రాంట్ చిత్రమని కొన్న ‘పోలిష్ రైడర్’ మీద 1980 దశకంలో నిపుణులు అనుమానం లేవనెత్తారు, ఇప్పుడు చాలామంది అది రెంబ్రాంట్‌దేనని మళ్ళీ ఒప్పుకుంటున్నారు. ఆ వాదం నడిచిన రోజుల్లోనూ గుర్రం మీది ఆ యువకుడు ఫ్రిక్ సేకరణలోనే ఉన్నాడు.

షరతులు పెట్టని సేకర్తలూ ఉన్నారు. మెలన్ తన చిత్రాలను, భవనం కట్టడానికి డబ్బును దేశానికిచ్చి, దాని మీద తన పేరు ఉండకూడదన్నాడు. తన పేరుంటే మరో సంపన్నుడు తన సేకరణను అక్కడికి ఇవ్వడని ఆయన లెక్క. 1941లో వాషింగ్టన్‌లో తెరిచిన నేషనల్ గ్యాలరీకి తరువాత వచ్చిన విరాళాలు చూస్తే లెక్క తప్పలేదు. కాని అక్కడి గదుల్లో మెలన్ అనే మనిషిని వెతికినా దొరకడు.

పత్రమే లేకపోతే ఏమవుతుందో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చెబుతుంది. మూడు తరాల సేకరణ అది. ముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొంటే, అత్యధిక భాగాన్ని కూడబెట్టింది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1949లో చనిపోయినప్పుడు వారసత్వం తేలలేదు. 1951లో వారి నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, 1958లో కుటుంబీకులతో కోర్టు ద్వారా రాజీ కుదిరింది, 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది, 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కొత్త భవనానికి చేరాయి. చెల్లాచెదురు కాకుండా నిలిచినందుకు సంతోషించాలి. కాని దంతపు వస్తువులకో గది, పచ్చరాతి వస్తువులకో గది, గడియారాలకో గది అన్న విభజన తరువాతి అధికారులది. ఆ గదుల్లో ఆయన ఆకలి ఎంతటిదో కళ్ళకు కడుతుంది, ఏ వస్తువును దేని పక్కన పెట్టుకుని మురిసిపోయాడో మాత్రం తెలియదు.

పన్నుల సంగతి కూడా ఒక మాట. అమెరికా చట్టం ప్రకారం కళాఖండాలను ఇలాంటి సంస్థకు ఇచ్చే దాత, చాలా సందర్భాల్లో వాటి నేటి మార్కెట్టు విలువంతా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు, పెరిగిన విలువ మీద పన్ను కట్టనక్కరలేదు. సొంత ఇంటి ఆవరణలో మ్యూజియం పెట్టి, వారానికి ఏ కొన్ని గంటలో తెరిచి ఈ సౌకర్యం పొందుతున్నవారున్నారని 2015లో సెనేట్ ఆర్థిక సంఘం 11 ప్రైవేటు మ్యూజియాలను వివరాలు అడిగింది. కాబట్టి గేటు దగ్గర రాసి ఉన్న పనివేళలు సందర్శకుడి సౌకర్యం కోసమే ఉన్నవి కావు, అవి ఆ సంస్థ హోదాకు రుజువు కూడా.

మళ్ళీ బోస్టన్‌కు వద్దాం. 1892లో పారిస్ వేలంలో ఇసబెల్లా వెర్మీర్ చిత్రం ‘ది కన్సర్ట్’ను 29,000 ఫ్రాంకులకు కొన్నది. తన రుమాలు ముఖం దగ్గర ఉన్నంతసేపు పాట పెంచుతూ పొమ్మని తన ఏజెంటుకు సైగ ఏర్పాటు చేసుకున్నదని చెబుతారు. ఇంటికి తెచ్చిన ఆ చిత్రాన్ని గోడకు కాకుండా డచ్ గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల మీద పెట్టి, దాని వెనక వీపుకు వీపు ఆనించి ఫ్లింక్ చిత్రించిన ప్రకృతి దృశ్యాన్ని నిలబెట్టింది, ఎదురుగా ఒక కుర్చీ వేయించింది. 1990 మార్చి 18 తెల్లవారుజామున పోలీసు దుస్తుల్లో వచ్చిన ఇద్దరు దొంగలు కాపలాదారులను కట్టేసి, 81 నిమిషాల్లో 13 వస్తువులు పట్టుకుపోయారు. వాటిలో ఈ రెండు చిత్రాలూ ఉన్నాయి. ఆచూకీ చెప్పినవారికి కోటి డాలర్లు ఇస్తామని మ్యూజియం ప్రకటించినా ఒక్కటీ దొరకలేదు. ఆ చోట్లలో మరో చిత్రం పెట్టి గదిని నిండుగా చూపించే పని ఎవరూ చేయలేదు. కిటికీ పక్కన బల్ల మీద రెండు ఖాళీ చట్రాలు వీపుకు వీపు ఆనుకుని నిలబడి ఉంటాయి, కుర్చీ వాటికెదురుగా ఆమె వేయించిన చోటే ఉంది.